పక్క ఊరి చెట్టును అడగండి



మురుగు కాలువ కట్టించిన ఇంజనీరుకు తన పని నిలిచిందో లేదో వచ్చే వానాకాలానికల్లా తెలిసిపోతుంది. రోడ్డు వేయించినవాళ్లకు రెండు మూడేళ్లలో తెలుస్తుంది. రోడ్డు పక్కన చెట్టు నాటించిన అధికారికి మాత్రం ఆ సంగతి ఉద్యోగంలో ఉండగా తెలియదు. ముప్పై, నలభై ఏళ్లు గడిచాక ఆ చెట్టు వేళ్లు పైపుల్లోకి దూరినప్పుడు తెలుస్తుంది, పెద్దగాలికి వేళ్లతో సహా పెకిలి రోడ్డుకు అడ్డం పడ్డప్పుడు తెలుస్తుంది, ఏదో పురుగు వచ్చి వీధి వీధంతా ఎండిపోయినప్పుడు తెలుస్తుంది. అప్పటికి నాటించినవాళ్లు రిటైరై ఎంతో కాలమై ఉంటుంది. ఆ మొక్కనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పే కాగితం ఎక్కడా దొరకదు. అందుకని చెట్ల విషయంలో అన్నీ సొంత అనుభవంతోనే నేర్చుకుంటానని కూర్చున్న నగరం ఒక్కో పాఠానికి ఒక తరాన్ని పోగొట్టుకుంటుంది. ముందే నష్టపోయిన ఊరిని అడగడం ఒక్కటే దగ్గరి దారి. ఈవేళ నేను మాట్లాడబోయేది ఈ అడగడం గురించీ, అడిగినప్పుడు దాచకుండా చెప్పడం గురించీ.

అమెరికాతో మొదలుపెడతాను. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి తూర్పు, మధ్య ప్రాంతాల ఊళ్లన్నీ వీధుల వెంట ఎల్మ్ చెట్లు నాటుకున్నాయి. ఎల్మ్ నిటారుగా లేచి, పైన గొడుగులా విచ్చుకుంటుంది. వీధికి అటూ ఇటూ రెండు వరుసలు నాటితే పైన కొమ్మలు కలిసిపోయి పందిరి వేసినట్టే ఉంటుంది. కింద బండ్లు పోవడానికి అడ్డం రాదు, దుమ్మును తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది. ఒక ఊళ్లో బాగుందని ఇంకో ఊరు, ఆ ఊరిని చూసి మరో ఊరు, అలా అందరూ అదే చెట్టు నాటారు. ఇది కూడా నగరాలు ఒకదాని నుంచి ఒకటి నేర్చుకోవడమే. అయితే నేర్చుకున్నది సగమే.

1930లో ఒహాయో రాష్ట్రంలో ఒక కొత్త జబ్బు కనబడింది. బల్లలు, బీరువాల పైచెక్క కోసం యూరప్ నుంచి తెప్పించిన ఎల్మ్ దుంగల్లో అది ప్రయాణం చేసి వచ్చింది. అది ఒక బూజు తెగులు. బెరడు కింద తొలిచే చిన్న పురుగులు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. లోపల నీళ్లు పైకెక్కే దారులు పూడుకుపోయి చెట్టు నిలువునా ఎండుతుంది. యూరప్‌లో దీన్ని 1920లలోనే నెదర్లాండ్స్ పరిశోధకులు పట్టుకున్నారు. బీ స్వార్జ్, క్రిస్టీన్ బ్యూస్మన్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు చేసిన పని అది. అంటే జబ్బు ఏమిటో, ఎలా పాకుతుందో అట్లాంటిక్ అవతలివాళ్లకు తెలుసు. దుంగలు ఓడ దిగినంత వేగంగా ఆ సమాచారం నగరపాలక సంస్థల దాకా దిగలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. దగ్గర దగ్గరగా ఒకే జాతి చెట్లు నాటితే భూమి లోపల వాటి వేళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. పురుగు అక్కర్లేకుండానే తెగులు ఆ వేళ్ల గుండా వరుసలో మొదటి చెట్టు నుంచి చివరి చెట్టు దాకా పోతుంది. వీధికి అందాన్ని తెచ్చిన ఆ వరుసే వీధిని చంపింది. ఊరంతా ఒకే విత్తనం వేస్తే ఒక్క పురుగు చాలని మన పత్తి రైతుకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వీధుల ప్లాను గీసేవాళ్లకు ఆ మాట చేరడానికి కోట్ల చెట్లు పోవాల్సి వచ్చింది.

చేరిందా అంటే, వెంటనే చేరలేదు. ఎల్మ్‌లు కొట్టేసిన చోట ఏం నాటాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలా నగరాలు యాష్ చెట్టును ఎంచుకున్నాయి. చవక, గట్టిది, త్వరగా పెరుగుతుంది. మళ్లీ అవే వరుసలు. 2002లో డెట్రాయిట్ నగరం దగ్గర ఆకుపచ్చగా మెరిసే ఒక చిన్న పురుగును గుర్తించారు. తూర్పు ఆసియా నుంచి సరుకుల పెట్టెల చెక్కలో వచ్చి ఉంటుందని అంచనా. గుర్తించే నాటికే అది అక్కడ దాదాపు పదేళ్లుగా ఉంటోంది. దాని లద్దెపురుగులు యాష్ చెట్టు బెరడు కింద మెలికలు మెలికలుగా తినుకుంటూ పోతాయి. మూడు నుంచి ఐదేళ్లలో చెట్టు పోతుంది. తాతలు ఎల్మ్‌ల కింద ఆడుకున్న వీధిలోనే మనవలు యాష్ చెట్లు కొట్టేయడం చూశారు.

ఈ రెండు నష్టాల మధ్యలో, 1990లో, ఫ్రాంక్ శాంటమూర్ అనే వృక్ష జన్యుశాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు. ఆయన అమెరికా జాతీయ వృక్షోద్యానంలో పనిచేసేవాడు. ఊళ్లోని చెట్లలో ఏ ఒక్క జాతీ నూటికి పది దాటకూడదు, దాని దగ్గరి బంధువులన్నీ కలిపి ఇరవై దాటకూడదు, మొత్తం కుటుంబం కలిపి ముప్పై దాటకూడదు. ఆ లెక్కలో లోపాలున్నాయని తర్వాత చాలామంది అన్నారు, అవి నిజమే. అన్ని జాతులనూ తినే పురుగు వస్తే ఈ లెక్క కాపాడదు. అయినా ఒక తోటల సూపరింటెండెంటు నర్సరీకి ఇండెంటు రాసేటప్పుడు చేతిలో పట్టుకోగలిగిన కొలత అది. నాకు ఆ పని అందుకే గొప్పగా కనిపిస్తుంది. పోయిన కోట్ల చెట్లను ఆయన మూడు అంకెల్లోకి తెచ్చి, ఎవరైనా తీసుకుపోవడానికి వీలుగా పెట్టాడు.

తీసుకుపోయిన ఊళ్లలో ఒకటి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. ఆ ఎల్మ్ తెగులు ఆస్ట్రేలియాకు ఇప్పటిదాకా రాలేదు, అందుకని మెల్‌బోర్న్‌లో వందేళ్ల నాటి ఎల్మ్ వరుసలు ఇంకా నిలబడి ఉన్నాయి. కానీ 1997 నుంచి పుష్కరకాలం పైగా ఆ ప్రాంతాన్ని కరువు పీడించింది. నీటి మీద ఆంక్షలు పెట్టారు, చెట్లకు తడులు తగ్గించారు. కరువు తీరేనాటికి పెద్ద చెట్లు చాలా నీరసించాయి. ఒకే కాలంలో నాటినవి కాబట్టి ముసలితనమూ అన్నిటికీ ఒకేసారి వచ్చిపడింది. అప్పుడు 2012లో ఆ నగరం ఒక పట్టణ అటవీ ప్రణాళిక రాసుకుంది. శాంటమూర్ పది, ఇరవై, ముప్పై అన్నాడు. వాళ్లు దాన్ని ఇంకా బిగించి ఐదు, పది, ఇరవై చేసుకున్నారు. నగరం తన చేతిలో ఉన్న రోడ్లు, పార్కుల్లో చెట్ల నీడ 22 శాతం ఉంటే 2040 నాటికి 40 శాతానికి తేవాలని పెట్టుకున్నారు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చింది. రాబోయే యాభై ఏళ్లలో తమ ఊరు మరింత వేడెక్కుతుంది. ఆ వేడికి ఏ చెట్టు ఆగుతుంది? నాటి చూద్దామంటే యాభై ఏళ్లు పడుతుంది. అందుకని పరిశోధకుల చేత ప్రపంచంలోని అనేక నగరాల చెట్ల జాబితాలు తెప్పించి చూశారు. రేపు మనకు రాబోయే ఎండ ఈనాడే కాస్తున్న ఊళ్లు ఏవి, అక్కడి వీధుల్లో ఏ చెట్లు బతుకుతున్నాయి అని వెతికారు. తమ జాబితాలోని ఏ జాతులకు ముప్పు ఉందో, ఏవి నిలబడతాయో దాన్నిబట్టి తేల్చుకున్నారు. ఆ ఊళ్లు తమ చెట్లను లెక్కపెట్టి, ఆ లెక్కను పదిమందికీ అందుబాటులో ఉంచబట్టే ఇది సాధ్యమైంది. ఎవరో ఒక ఊళ్లో జాతి పేరు, చుట్టుకొలత రాసుకున్న చిన్న ఉద్యోగి, ఎన్నడూ చూడని మెల్‌బోర్న్‌కు సాయం చేశాడు.

మెల్‌బోర్న్ తన లెక్కనూ బయటపెట్టింది. ఒక్కో చెట్టుకు ఒక నంబరు, ఆ చెట్టు ఇంకా ఎన్నేళ్లు ఉంటుందన్న అంచనా, అన్నీ ఎవరైనా చూసుకోవచ్చు. కొమ్మ విరిగితే చెప్పడానికని 2013లో చెట్టు చెట్టుకూ ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చారు. జనం ఫిర్యాదులతో పాటు చెట్లకు ప్రేమలేఖలు రాశారు.

నిర్వహణ మాటకొస్తే నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఆగాలి. అదే తెగులు అక్కడా ఉంది. అయినా కాలువల ఒడ్డున వేల కొద్దీ ఎల్మ్‌లు ఈనాటికీ ఉన్నాయి. అక్కడివాళ్ల దగ్గర మంత్రమేమీ లేదు. ఏటా చెట్లు చూసే మనిషి ఉన్నాడు. తెగులు తగిలిన చెట్టును వెంటనే కొట్టి, బెరడు ఒలిచి తీసేస్తారు. ఒక్క ఏడు కూడా మానరు. అంతే. జబ్బును పట్టుకున్న దేశంలోనే చెట్టు నిలిచిందంటే మందు కన్నా మనిషి ముఖ్యమని నాకు అర్థమవుతుంది.

ఇక మన ఊళ్లకు వద్దాం.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద తీరం దాటింది. ఆ గాలిని చూసినవాళ్లకు నేను వర్ణించక్కర్లేదు. మర్నాడు తెల్లారేసరికి ఊరి పచ్చదనం పోయింది. కైలాసగిరి, కంబాలకొండ వైపు కొండలు కాలిపోయినట్టు గోధుమరంగులో కనిపించాయి. వీధుల్లో పడిన చెట్లు తీస్తేనే గానీ కరెంటు రాదు, అంబులెన్సు పోదు. అందుకని రంపాలు దిగాయి, దుంగలు లారీలెక్కాయి. అది చేయాల్సిన పనే. ప్రాణాలు ముందు.

కానీ ఆ కొద్ది రోజుల్లో దుంగలతో పాటు ఇంకొకటి కూడా లారీ ఎక్కి పోయింది. ఏ చెట్టు పడింది, ఏ చెట్టు నిలబడింది, పడినవి వేళ్లతో లేచాయా, మధ్యకు విరిగాయా, వాటి పాదు ఎంత ఉంది, ఒక పక్క వేళ్లను కాలువ తవ్వకంలో ముందే నరికేశారా, చివరిసారి కొమ్మలు కొట్టిందెవరు. ఈ సంగతులు చెప్పగలిగింది ఆ పడిన చెట్టే. అది ముక్కలైతే సాక్ష్యమూ ముక్కలే.

అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ సాక్ష్యాన్ని పోనివ్వలేదు. 1992లో వచ్చిన ఆండ్రూ తుఫానుతో మొదలుపెట్టి 2005 దాకా ఒక్కో తుఫాను తర్వాత వీధుల వెంట నడిచి పడినవీ, నిలిచినవీ లెక్కపెట్టారు. మేరీ డ్యూరియా అనే శాస్త్రవేత్త ఆ పనికి ముందుండి, తేలిన విషయాలను అందరికీ పనికొచ్చేలా రాశారు. గుంపుగా పెరిగిన చెట్లు ఒంటరిగా నిలిచిన చెట్ల కన్నా బాగా తట్టుకున్నాయి. వేళ్లు పరుచుకోవడానికి మట్టి ఎక్కువ దొరికిన చెట్లు నిలిచాయి, సిమెంటు మధ్య ఇరుకు గుంతల్లో ఉన్నవి పడ్డాయి. పద్ధతిగా కత్తిరించిన చెట్లు, కత్తిరించని వాటి కన్నా తక్కువ పడ్డాయి. జాతికీ జాతికీ తేడా స్పష్టంగా కనబడింది. ఫ్లోరిడా చెట్ల పేర్లు విశాఖకు పనికిరావు, నేల వేరు, మొక్క వేరు. వాళ్ల పద్ధతి పనికొస్తుంది. హుద్‌హుద్ వచ్చిన రెండేళ్లకు, 2016 డిసెంబరు 12న, వార్దా తుఫాను చెన్నైలో వేల చెట్లను కూల్చింది. విశాఖ రాసిపెట్టుకున్న లెక్క ఒకటి చెన్నై చేతిలో ఉండి ఉంటే ఎంత మేలయ్యేదో అనిపిస్తుంది నాకు. ఒకే సముద్రం, ఒకే రకం గాలి, వీధుల్లో చాలావరకు అవే తురాయిలు, అవే నిద్రగన్నేర్లు.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో పచ్చదనం తిరిగి తేవాలని అందరూ నడుం కట్టారు. త్వరగా ఎదిగే మొక్క కావాలి. ఏడాకుల పాల దొరికింది. నిటారుగా, అంతస్తులు అంతస్తులుగా, అందంగా పెరుగుతుంది. పశువులు తినవు. రోడ్ల వెంట విరివిగా నాటారు. కొన్నేళ్లకు అవి పూతకొచ్చాయి. అక్టోబరు నుంచి సాయంత్రాలు ఘాటైన వాసన. ఊపిరాడటం లేదనీ, తలనొప్పి వస్తోందనీ జనం ఫిర్యాదులు చేశారు, కొట్టేయమన్నారు. ఆ చెట్టులో నాకు దోషం కనబడదు. అది మన దేశపు చెట్టు. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లో విశ్వభారతి పట్టాలు ఇచ్చేటప్పుడు దాని ఆకులే చేతికిస్తారు. పదెకరాల తోటలో రెండు చెట్లుంటే ఆ వాసన పరిమళం. కిటికీ కిటికీ ముందూ ఒకటుంటే భరించలేం. ఎల్మ్ పోయిన చోట యాష్ పెట్టిన ఊళ్లు చేసినదీ ఇదే. పోయినదాన్ని త్వరగా పూడ్చుకోవాలన్న ఆత్రంలో ఒక్క మొక్క దగ్గరే చేయి ఆగిపోవడం.

కోనోకార్పస్ మొక్క సంగతి మీకందరికీ తెలిసిందే. తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక పట్టణాల డివైడర్ల మీద, రోడ్ల పక్కన అది ఎక్కడ చూసినా కనిపించింది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, నీళ్లు పోసినా పోయకపోయినా బతుకుతుంది, మేకలు ముట్టవు. తర్వాత ప్రభుత్వమే వద్దంది. 2023లో గుజరాత్ నిషేధించింది, 2025లో తమిళనాడు వద్దంది. ఆరోగ్యం మీద దాని ప్రభావం గురించి శాస్త్రవేత్తల్లో వాదన ఉంది, అందులోకి నేను పోను. వేళ్ల సంగతిలో మాత్రం వాదన లేదు. నీళ్లు వెతుక్కుంటూ పైపుల్లోకి, మురుగు కాలువల్లోకి చొరబడతాయి. ఈ సంగతి కువైట్‌కు, ఇరాన్ దక్షిణాది ఊళ్లకు, దుబాయ్, షార్జాలకు మనకన్నా ఎంతో ముందే తెలుసు. ఆ ఊళ్లలో బలదియా, అంటే మునిసిపాలిటీ, పనికి పోయి, రోజంతా ఎండలో కోనోకార్పస్ కంచెలు కత్తిరించి, ఆ వేళ్లు తవ్వి తీసినవాళ్లు మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లోనే ఉంటారు. నగరాల మధ్య జ్ఞానం పంచుకోవాలంటే హోటళ్లలో సదస్సులే పెట్టాలని లేదు. ఆ జ్ఞానం మన బస్టాండులో దిగి, సంచీ భుజాన వేసుకుని ఇంటికి నడిచిపోయింది. దాన్ని పిలిచి కూర్చోబెట్టి అడగాలి.

కోనోకార్పస్‌ను అన్ని ఊళ్లూ ఎందుకంతగా ఇష్టపడ్డాయన్నది అసలు ప్రశ్న. దానికి పోషణ అక్కర్లేదు. మన దగ్గర నాటడానికి డబ్బు ఉంటుంది, పండుగ ఉంటుంది, ఫొటో ఉంటుంది. మూడు వేసవులు ట్యాంకర్ నీళ్లు పోయడానికి, విరిగిన ట్రీ గార్డు మార్చడానికి, పాదులో కలుపు తీయడానికి పద్దు ఉండదు, ఉన్నా ముందు కోత పడేది దానికే. కాబట్టి పోషణ అడగని మొక్కను వెతుకుతాం. వేపకూ కానుగకూ పొగడకూ మొదటి రెండు మూడేళ్లు మనిషి కావాలి. ఆ మనిషి జీతాన్ని ఎస్టిమేటులో రాయనంతకాలం మొక్క ఎంపిక ఇలాగే ఉంటుంది. ఏ ఊరు ఏ చెట్టు నాటిందన్నది తెలుసుకున్నంత మాత్రాన చాలదు. ఆ ఊరు ఆ చెట్టుకు ఎన్నేళ్లు, ఎవరి చేత, ఏ పద్దు కింద నీళ్లు పోయించిందో కూడా అడగాలి. సింగపూర్ వీధుల నీడను మెచ్చుకుంటూ తిరిగొచ్చేవాళ్లు, 1975లోనే ఆ దేశం పార్కులకూ చెట్లకూ ఒక చట్టం చేసి, రోడ్డు ప్లానులోనే చెట్టుకు చోటు విడవడం తప్పనిసరి చేసిందన్నది వెంట తెచ్చుకోరు.

చోటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో ఒక ఆదేశం ఇచ్చింది. చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని. ఇది చాలా చవకైన పని. ఒక గడ్డపార, ఒక పూట కూలి. మీ వీధిలో పేవర్ టైల్స్ వేసేటప్పుడు చెట్టు మెడదాకా ఎలా బిగించారో ఒకసారి చూడండి. ఆ తర్వాత వచ్చే ఫైబర్ కేబులు గుంతలో ఒక పక్క వేళ్లు తెగుతాయి. వానాకాలం ముందు కరెంటు తీగల కోసం ఒక పక్క కొమ్మలన్నీ నరుకుతారు. ఒక్క చెట్టు మీద మూడు శాఖలు పనిచేస్తాయి, ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. నగరానికీ నగరానికీ మధ్య మాటల కన్నా ముందు, ఒకే నగరంలో తోటల విభాగానికీ కరెంటు లైన్‌మన్‌కూ మధ్య మాట నడవాలి. చెట్టు తూకం చెడకుండా కొమ్మలు ఎలా కొట్టాలో ఒక రోజు చూపిస్తే లైన్‌మన్ నేర్చుకోడా?

హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక బాధ్యత ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అమెరికాలోని ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి ప్రపంచ వృక్ష నగరాలన్న గుర్తింపు ఇస్తున్నాయి. 2021లో ఆ గుర్తింపు మన దేశంలో మొదట హైదరాబాద్‌కు వచ్చింది. 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో ప్రపంచ హరిత నగరాల పోటీలో, 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు వెంట పెంచిన పచ్చదనానికి మొత్తం మీద మొదటి బహుమతి కూడా వచ్చింది. సంతోషించాల్సిన సంగతి. ఇక మిగతా నగరాలు ఇక్కడికి నేర్చుకోవడానికి వస్తాయి. వాళ్లకు రింగు రోడ్డు పచ్చదనంతో పాటు కోనోకార్పస్ నాటిన డివైడర్లనూ చూపించాలని నా కోరిక. ఎందుకు నాటామో, ఎప్పుడు మానేశామో, తీసేయడానికి ఎంత ఖర్చవుతోందో లెక్కతో సహా చెబితే, ఇంకా తేల్చుకోని ఏ ఊరికో ఇరవై ఏళ్లు మిగులుతాయి. అలా చెప్పగలిగిన నగరం నా దృష్టిలో బహుమతి గెలిచిన నగరం కన్నా పెద్దది.

ఆ వృక్ష నగరాల గుర్తింపుకు ఐదు షరతులున్నాయి. అందులో ఒకటి, ఉన్న చెట్లేవో తెలిసి ఉండాలన్నది. 2015లో న్యూయార్క్ తన వీధి చెట్లను లెక్కపెట్టింది. 2,200 మందికి పైగా మామూలు పౌరులు టేపు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. 6 లక్షల 66 వేలకు పైగా చెట్లు తేలాయి, ఒక్కో దాని జాతితో, లావుతో, ఉన్న స్థితితో. ఆ లెక్క ఈనాటికీ అందరికీ తెరిచే ఉంది. మన కాలేజీల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఏముంటుంది? కాకినాడలోనో, వరంగల్లోనో, నెల్లూరులోనో ఒక్క వార్డుతో మొదలుపెట్టవచ్చు.

తీరప్రాంతపు పురపాలక సంఘాలకు మాత్రం ఒక విన్నపం, ఇది తుఫాను కాలం రాకముందే చేయాల్సింది. ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి పెట్టుకోండి. పడిన చెట్టు పేరు, మొదలు చుట్టుకొలత, వేళ్లతో లేచిందా విరిగిందా, పాదు పొడవు వెడల్పు, చుట్టూ సిమెంటు ఉందా, ఒక పక్క తవ్వకం జరిగిందా, పక్కన నిలబడిన చెట్టు ఏది, ఒక ఫొటో. ఒక చెట్టుకు ఐదు నిమిషాలు. రంపం పట్టుకున్న బృందంతో పాటు ఈ పుస్తకం పట్టుకున్న మనిషి ఒకరు వెళ్లాలి. నిండిన పుస్తకం నకలు ఒకటి విశాఖకు, ఒకటి చెన్నైకి, ఒకటి భువనేశ్వర్‌కు పంపండి, వాళ్లవి మీరు తెప్పించుకోండి. హుద్‌హుద్ నాడు వీధుల్లో పనిచేసిన తోటల విభాగం సిబ్బందిలో చాలామంది ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, కొందరు ఈ రెండు మూడేళ్లలో రిటైరవుతారు. వాళ్లకు గుర్తున్నది ఇప్పుడే రాయించుకోండి.